టీసీఎం పోయిందంటున్నారు, మార్చాలా? ఆటోమేటిక్ కారు ఉన్నోళ్లు రోజూ అడిగే ప్రశ్నలు

నేను విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తా. ఆటోమేటిక్ బళ్లు ఎక్కువయ్యాక నా ఫోన్‌కి వచ్చే మెసేజ్‌ల్లో సగం ఇవే, మీటర్ ఫొటో పెట్టి "అన్నా ఇది పోయిందంటున్నారు, మార్చమంటావా" అని. ఒక్కొక్కళ్లకీ టైప్ చేసి చేసి వేళ్లు నొప్పులొచ్చి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ముందే చెప్తున్నా, "టీసీఎం పోయింది" (గేర్‌బాక్స్‌ని నడిపే కంప్యూటర్ డబ్బా) అని నా దగ్గరకొచ్చిన బళ్లలో చాలావాటికి పోయింది టీసీఎం కాదు.

అసలు టీసీఎం అంటే ఏంటి? ఈసీఎం వేరు, ఇది వేరా?

చాలా బళ్లలో వేరే. ఈసీఎం (ఇంజిన్ కంట్రోల్ మాడ్యూల్) ఇంజిన్‌ని చూసుకుంటది, టీసీఎం (ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూల్) గేర్‌బాక్స్‌ని చూసుకుంటది. గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్ట్ ఎంత స్పీడ్‌లో తిరుగుతోంది, బయటికెళ్లే షాఫ్ట్ ఎంత తిరుగుతోంది, ఆయిల్ ఎంత వేడెక్కింది, మీరు లివర్ ఎక్కడ పెట్టారు, బ్రేక్ తొక్కారా లేదా, ఇవన్నీ చూసుకుని, యాక్సిలరేటర్ ఎంత తొక్కారో ఈసీఎంని అడిగి తెలుసుకుని, అప్పుడు లోపలున్న సోలినాయిడ్‌లకి (కరెంట్‌తో ఆయిల్ దారి తెరిచి మూసేవి) కరెంట్ ఇచ్చి గేర్ మారుస్తది. కొన్ని కంపెనీలు రెండిటినీ కలిపి ఒకే డబ్బాలో పెడతాయి, దాన్ని పీసీఎం అంటారు. మీ బండిలో ఒకటే డబ్బా ఉంటే గేర్‌బాక్స్ కోసం మార్చినా ఇంజిన్ వైపు కోడింగ్ (డబ్బాకి మీ బండి వివరాలు ఎక్కించడం) కూడా చేయాల్సొస్తది, ఇమ్మొబిలైజర్ (అసలు తాళం లేకపోతే స్టార్ట్ అవ్వనివ్వనిది) తాళంతో సహా. కాబట్టి ముందు ఈ సంగతి కనుక్కోండి.

ఎక్కడుంటది? బయటికి కనపడతదా?

బండిని బట్టి. కొన్నిటికి బోనెట్ కింద బ్యాటరీ పక్కన, కొన్నిటికి డ్యాష్‌బోర్డ్ లోపల, కొన్నిటికి ముందు సీటు దగ్గర కార్పెట్ కింద. వీటికైతే విప్పడం బిగించడం పెద్ద పనేం కాదు. చిక్కంతా గేర్‌బాక్స్‌కే బిగించిన వాటితోనూ, గేర్‌బాక్స్ లోపల ఆయిల్‌లోనే మునిగుండే వాటితోనూ. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బళ్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో మెకట్రానిక్ అంటారే, దాంట్లో టీసీఎం, వాల్వ్‌లు, సోలినాయిడ్‌లు అన్నీ ఒకే ముద్ద. బీఎండబ్ల్యూ లాంటి బళ్లలో వాడే జెడ్‌ఎఫ్ 8-స్పీడ్ గేర్‌బాక్స్‌లో అయితే ఆయిల్ పాన్ దించితే గానీ కనపడదు.

పోతే ఎలా తెలుస్తది?

బండి ఒకే గేర్‌లో ఇరుక్కుపోతది, ఎక్కువగా 3లో గానీ 2లో గానీ. సిగ్నల్ దగ్గర నుంచి కదలాలంటే ఎడ్లబండి లాగినట్టు ఉంటది. దీన్ని లింప్ మోడ్ అంటారు, గేర్‌బాక్స్ పాడవకుండా బండి తనని తాను కాపాడుకోవడం అన్నమాట. మీటర్‌లో గేర్ చూపించే చోట గీతో, అన్ని అక్షరాలూ ఒకేసారి వెలగడమో, బ్లింక్ అవడమో ఉంటది. కొన్ని బళ్లు అసలు స్టార్టే అవ్వవు, ఎందుకంటే లివర్ పీలోనో ఎన్‌లోనో ఉందని చెప్పాల్సిన డబ్బా మాట్లాడట్లేదు కదా. ఇంకో రకం ఉంది, అది అన్నిటికన్నా విసిగిస్తది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బానే ఉంటది, మధ్యాహ్నం ఎండలో అరగంట తిరిగాక చచ్చిపోతది, కాసేపు ఆపితే మళ్లీ బాగుంటది. వేడికి లోపల సాల్డరింగ్ విడిపోయే మాడ్యూల్స్ ఇలాగే చేస్తాయి. మన మే నెల ఎండలో అయితే చెప్పక్కర్లేదు.

కాకపోతే గుర్తుపెట్టుకోండి, ఇప్పుడు చెప్పిన లక్షణాల్లో చాలావరకు వీక్ బ్యాటరీకి కూడా వస్తాయి.

స్కాన్ చేస్తే పీ0700 వచ్చింది, టీసీఎం మార్చాల్సిందే అన్నాడు మెకానిక్. నిజమేనా?

కాదు. పీ0700 అంటే "గేర్‌బాక్స్ వైపు ఏదో కంప్లైంట్ ఉంది, వెళ్లి అక్కడ చూడు" అని ఈసీఎం చెప్పే మాట, అంతే. అసలు కోడ్ టీసీఎం లోపల విడిగా ఉంటది. ఆన్‌లైన్‌లో కొన్న చిన్న బ్లూటూత్ స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి, అక్కడే ఆగిపోతాయి. గేర్‌బాక్స్ మాడ్యూల్ లోపలికెళ్లి చదివే స్కానర్‌తో చూపించుకోండి. పీ0715 వస్తే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్ వైపు, పీ0720 వస్తే అవుట్‌పుట్ సెన్సర్ వైపు, పీ0706 వస్తే లివర్ పొజిషన్ చెప్పే స్విచ్ వైపు చూడాలి. వీటికి డబ్బా మార్చేస్తే వేల రూపాయలు బూడిదలో పోసిన పన్నీరే. పీ0613 వస్తే మాత్రం టీసీఎం ప్రాసెసర్ మీద అనుమానం, అప్పుడు కూడా కరెంటూ ఎర్తూ చూశాకే నిర్ణయం.

యూ0101 అని వచ్చింది, టీసీఎంతో కనెక్షన్ పోయిందంట. ఇదైతే టీసీఎం పోయినట్టే కదా?

మీ స్నేహితుడు ఫోన్ ఎత్తట్లేదంటే మనిషి పోయినట్టా? ఛార్జింగ్ అయిపోయి ఉండొచ్చు, సిగ్నల్ లేకపోవచ్చు. ఇదీ అంతే. ఆ డబ్బాకి కరెంట్ వెళ్తోందా, ఎర్త్ ఉందా, మాట్లాడే వైర్లు రెండూ తెగకుండా ఉన్నాయా, ఈ మూడూ చూడకుండా మార్చమన్నవాడి దగ్గర నుంచి బండి తీసుకుని వచ్చెయ్యండి.

మరి మార్చే ముందు ఏమేం చూడాలి?

ఇక్కడే ఓపిక కావాలి, వరసగా చెప్తా.

మొదట బ్యాటరీ. బండి కొన్ని గంటలు ఆపి ఉంచాక 12.6 వోల్ట్ల దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందకి పడిపోతుంటే ఆ బ్యాటరీని నమ్మొద్దు. ఇంజిన్ ఆన్‌లో ఉంటే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. కొత్త బళ్లలో స్మార్ట్ ఛార్జింగ్ ఉంటే అటూఇటూ అవుతది. బ్యాటరీ మార్చాక గేర్‌బాక్స్ కంప్లైంట్ మాయమైపోయిన బళ్లు నా దగ్గర బోలెడు.

తర్వాత ఎర్త్. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, గేర్‌బాక్స్‌కి వెళ్లే లావు వైర్లు తుప్పు పట్టాయేమో చూడాలి. ఊరికే కంటితో చూస్తే చాలదు, మల్టీమీటర్ వోల్ట్స్‌లో పెట్టి ఒక పిన్ను బ్యాటరీ మైనస్ మీద, ఇంకో పిన్ను టీసీఎం ఎర్త్ పిన్ మీద పెట్టి, లోడ్ ఉన్నప్పుడు 0.1 వోల్ట్ కన్నా ఎక్కువ వస్తే ఎర్త్ లూజ్ ఉందని లెక్క.

తర్వాత ఫ్యూజ్‌లు, రిలే. ఫ్యూజ్ తీసి చూసి "బానే ఉంది" అనొద్దు, ఫ్యూజ్ అవతలి కాలుకి కూడా కరెంట్ వస్తోందో లేదో టెస్ట్ ల్యాంప్‌తో చూడాలి.

అప్పుడు కప్లర్, అంటే వైర్లని డబ్బాకి తగిలించే ప్లగ్. విప్పి పిన్నుల్ని వెలుతురులో చూడండి. పచ్చగా చిలుము పట్టిందా, పిన్ను వంగిందా, వెనక్కి జారిపోయిందా. ముక్కు దగ్గర పెట్టి వాసన కూడా చూడండి, నవ్వొద్దు. పాత మెర్సిడెస్ బళ్లలో 722.6 అనే 5-స్పీడ్ గేర్‌బాక్స్ ఉంటది, దాని కప్లర్ దగ్గర ఉండే ఓ-రింగ్‌లు (గుండ్రటి రబ్బర్ సీళ్లు) గట్టిపడి గేర్ ఆయిల్ కారి, ఆ ఆయిల్ వైర్ లోపల రాగి పోగుల మధ్య నుంచి దీపం వత్తికి నూనె ఎక్కినట్టు ఎక్కి ఎక్కి ఎక్కడో పైనున్న టీసీఎంలోకి చేరుతది. కప్లర్ విప్పితే ఎర్రగా ఆయిల్ తడి. అలాంటప్పుడు కింద ఆ ముక్క మార్చకుండా పైన కొత్త టీసీఎం పెడితే కొన్నాళ్లకి అదీ ఆయిల్ తాగుద్ది.

ఆ తర్వాత క్యాన్ వైర్లు, అంటే డబ్బాలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే ఆ రెండు వైర్లు. బ్యాటరీ మైనస్ తీసేసి, స్టీరింగ్ కిందుండే స్కానర్ పోర్టులో 6వ పిన్ను, 14వ పిన్ను మధ్య ఓమ్స్ చూడండి. 60 దగ్గర్లో వస్తే లైను బానే ఉన్నట్టు. 120 వస్తే ఒక చివర తెగిపోయింది, సున్నా దగ్గర్లో వస్తే ఎక్కడో రెండు వైర్లు కలిసిపోయాయి. గేట్‌వే (పోర్టుకీ మిగతా డబ్బాలకీ మధ్యలో ఉండే మాడ్యూల్) ఉన్న కొత్త బళ్లలో ఈ లెక్క పోర్టు దగ్గర అన్నిసార్లూ కుదరదు, అక్కడ వైరింగ్ డయాగ్రమ్ చూసుకోవాలి.

చివరిగా ఎలకలు. నిజంగానే చెప్తున్నా. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వారం రోజులు కదలకుండా ఉన్న బండిలో గేర్‌బాక్స్ ఫాల్ట్ వస్తే నేను స్కానర్ కన్నా ముందు టార్చ్ తీస్తా.

ఇంతకీ టీసీఎం ఎందుకు పోతది?

నీళ్లు, వేడి, అదురు, ఎక్కువ వోల్టేజ్. జంప్ స్టార్ట్ చేసేటప్పుడు ప్లస్ మైనస్ తారుమారు చెయ్యడం ఒకటి. బ్యాటరీ తియ్యకుండా బాడీకి వెల్డింగ్ పెట్టించడం ఇంకోటి. దొరికిన వైర్‌నల్లా కోసి లైట్లూ హారన్లూ కలపడం మూడోది, దీనికి మాత్రం మా ఎలక్ట్రీషియన్లదే తప్పు, ఒప్పుకుంటున్నా. సోలినాయిడ్ లోపల షార్ట్ అయి డబ్బాలో దానికి కరెంట్ ఇచ్చే డ్రైవర్ చిప్ కాలిపోవడం కూడా ఉంటది, ఆ కేసులో సోలినాయిడ్ చూడకుండా కొత్త డబ్బా పెడితే కొత్తదీ కాలిపోద్ది.

కొన్నిసార్లు తయారీలోనే తేడా ఉంటది. 2013లో ఫోక్స్‌వ్యాగన్ 7-స్పీడ్ డీఎస్‌జీ ఉన్న సుమారు 16 లక్షల కార్లని ప్రపంచమంతా వెనక్కి పిలిచింది, వేడి ఎక్కువుండే చోట సింథటిక్ ఆయిల్ వల్ల గేర్‌బాక్స్ కరెంట్ వైపు ఫాల్ట్ వస్తోందని, దాన్ని తీసి మినరల్ ఆయిల్ పోశారు. ఇలాంటి రీకాల్ మీ మోడల్‌కి ఉందేమో ఛాసిస్ నంబర్ చెప్పి షోరూంలో అడగండి, రీకాల్ పనికి డబ్బులు తీసుకోరు.

మా బండి వరదలో మునిగింది. టీసీఎం మార్చాలా?

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ నుంచి వచ్చిన బళ్లు చూశా కాబట్టి చెప్తున్నా. ఒకాయన బండి నీళ్లు తీశాక పది రోజులకి వచ్చింది, స్టార్ట్ అయింది, గేర్లు పడ్డాయి, ఏసీ కూడా వస్తోంది, అంతా బానే ఉందని ఆయన సంతోషం. నేను సీటు విప్పి కార్పెట్ ఎత్తితే కింద ఫోమ్ ఇంకా పిండితే నీళ్లొచ్చేలా ఉంది. డబ్బా కవర్ తీశా. మూలల్లో సన్నటి ఒండ్రు మట్టి, గోదుమ పిండి జల్లించి చల్లినట్టు, రెండు పిన్నుల మధ్య అప్పుడే పచ్చగా చిలుము మొదలైంది. ఇంకో నెల అలాగే తిరిగి ఉంటే లోపల షార్ట్ అయ్యేది. ఆ రోజు బోర్డ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, మెత్తటి బ్రష్‌తో తుడిచి, బాగా ఆరబెట్టి, కప్లర్ పిన్నులు రెండు మార్చా. మాడ్యూల్ కొనాల్సిన పని పడలేదు.

అందుకే మునిగిన బండిలో "పని చేస్తోంది కదా" అని వదిలెయ్యొద్దు. ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్యండి, సెల్ఫ్ కొట్టొద్దు, తాళం కూడా తిప్పొద్దు. నీళ్లకన్నా నీళ్లలో కరెంట్ పారితేనే ఎక్కువ నష్టం.

మాడ్యూల్ రిపేర్ అవ్వదా, కొత్తదే కావాలా?

సాల్డర్ విడిపోతే, వోల్టేజ్ రెగ్యులేటర్ పోతే, డ్రైవర్ ఐసీ కాలితే చాలావరకు అవుద్ది. ప్రాసెసర్ పోతే కష్టం. జెల్ పోసి మూసేసిన డబ్బాలు, సన్న వైర్లతో సెరామిక్ ప్లేట్ మీద అతికించినవి అందరివల్లా అయ్యేవి కావు. రిపేర్‌కున్న పెద్ద లాభం ఏంటంటే మీ డేటా మీ డబ్బాలోనే ఉంటది, కోడింగ్ గొడవ లేదు. నేనైతే ముందు రిపేర్‌కే మొగ్గుతా. చేసినోళ్లు ఎన్నాళ్లు గ్యారంటీ ఇస్తున్నారో బిల్ మీద రాయించుకోండి, నోటి మాట చెల్లదు.

సెకండ్స్‌లో చవగ్గా దొరుకుతోంది, కొనొచ్చా?

కొనొచ్చు, కానీ ఫొటో చూసి కొనొద్దు. డబ్బా మీద స్టిక్కర్‌లో పార్ట్ నంబర్ ఉంటది, దాని చివర అక్షరాలతో సహా కలవాలి. ఒకే మోడల్, ఒకే సంవత్సరం, ఒకే రంగు బండిలో కూడా వేరే నంబర్ ఉండొచ్చు. తర్వాత, ఆ డబ్బాలో పాత బండి ఛాసిస్ నంబర్ రాసి ఉంటది. కొన్ని కంపెనీల మాడ్యూల్స్ ఒక్కసారే రాయనిస్తాయి, మళ్లీ మార్చనివ్వవు. అలాంటప్పుడు క్లోనింగ్ చేయాలి, అంటే మీ పాత డబ్బాలో మెమరీ చదివి కొత్తదాంట్లో దించడం. పాతది పూర్తిగా చచ్చిపోతే చదవడానికి కూడా ఏం ఉండదు. అందుకని కొనేముందు కోడింగ్ చేసేవాడికి ఫోన్ చేసి నంబర్ చెప్పి "ఇది నీతో అవుద్దా" అని అడిగి అప్పుడు డబ్బులు కట్టండి. ఈ ఒక్క ఫోన్ చెయ్యక నా దగ్గరకి డబ్బా పట్టుకుని ఏడుపు ముఖంతో వచ్చినోళ్లు చాలామంది.

నేనే బిగించుకోవచ్చా?

బయటుండే డబ్బా అయితే ఆ పార్ట్ వరకు చేసుకోవచ్చు. హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకి రాళ్లు పెట్టండి. స్విచ్ ఆఫ్ చేసి తాళం తీసి, కాసేపు ఆగండి, మాడ్యూల్స్ నిద్రపోవడానికి టైం పడతది. 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ మైనస్ తియ్యండి. కప్లర్‌కి లాక్ ఉంటది, దాన్ని తిప్పాలి గానీ వైర్లు పట్టుకుని లాగకూడదు. కొత్తది కవర్‌లోంచి తీసేముందు బాడీ ఇనుము ఒకసారి ముట్టుకోండి, ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంట్ పోతది, పిన్నుల్ని వేళ్లతో తాకొద్దు. బ్రాకెట్, రబ్బర్ బుష్‌లు ఉన్నవి ఉన్నట్టే పెట్టండి, అదురు తగలకుండా ఉండేది వాటివల్లే. గేర్‌బాక్స్ లోపలుండే రకమైతే చెయ్యి పెట్టొద్దు, ఆయిల్ లెవెల్ కూడా దాని వేడి కొలిచి చూడాలి, అది ఇంటి ముందు అయ్యే పని కాదు.

కోడింగ్ అంటే ఏంటి? డబ్బా పెట్టాక ఇంకా డబ్బులు ఎందుకు?

కొత్త డబ్బా ఖాళీ పలక లాంటిది. మీ ఇంజిన్ ఏది, టైర్ సైజు ఎంత, మీ గేర్‌బాక్స్ ఏది, ఛాసిస్ నంబర్ ఏంటి, ఇవి రాయాలి. సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. కొన్ని బళ్లకి తాళం సిస్టమ్‌తో జత చేయాలి. కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి వాళ్లు ఆన్‌లైన్ చందా కట్టాలి, పరికరం కొనాలి, అందుకే ఛార్జ్.

ఇక్కడ నా తప్పొకటి చెప్తా. మొదట్లో ఒక బండికి ఫ్లాష్ చేస్తూ, అంటే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తూ, బ్యాటరీకి ఛార్జర్ పెట్టకుండా, ఇంకెంతసేపులే అని మొదలుపెట్టా. స్విచ్ ఆన్‌లో ఉండి రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలైంది, వోల్టేజ్ పడింది, ల్యాప్‌టాప్‌లో 70 శాతం దగ్గర గీత ఆగింది. ఇంక కదల్లేదు. ఆ డబ్బా స్కానర్‌కి కూడా దొరక్కుండా పోయింది, కొత్త డబ్బా నా జేబులోంచి కొన్నా. కాబట్టి కోడింగ్ చేసేవాళ్లు బ్యాటరీకి స్టెబిలైజర్ ఛార్జర్ పెట్టారా లేదా మీరే చూడండి, పెట్టకపోతే ఆపించండి, మొహమాటపడొద్దు.

కొత్తది పెట్టాక కూడా జర్క్ వస్తోంది, మోసం చేశారా?

లెర్నింగ్ చేశారా అని అడగండి. క్లచ్ ఎక్కడ పట్టుకుంటోంది, ప్రెషర్ ఎంత కావాలి అన్నది పాత డబ్బాకి కొన్నేళ్ల అనుభవం, కొత్తదానికి అత్తారింట్లో మొదటి రోజు. స్కానర్‌తో అడాప్టేషన్ రన్ చేయాలి, కొన్ని బళ్లకి ఆయిల్ ఒక వేడికొచ్చాకే అది మొదలవుతది. తర్వాత కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా యాక్సిలరేటర్ ఇస్తూ అన్ని గేర్లూ పడేలా నడపాలి. అప్పటికీ తగ్గకపోతే లోపల క్లచ్‌లో, ఆయిల్‌లో కంప్లైంట్ ఉన్నట్టు.

మాది ఏఎంటీ. దానికీ ఇదేనా?

ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే కాలు, గేర్ మార్చే చెయ్యి మోటార్‌కి ఇచ్చారు. మనదేశంలో 2014లో సెలెరియోతో జనంలోకి వచ్చింది. దీంట్లో టీసీయూ (టీసీఎంకే ఇంకో పేరు) పోవడం తక్కువ, ముందు బ్రేక్ స్విచ్, యాక్చువేటర్ ఆయిల్, పంప్ రిలే, క్లచ్ అరుగుదల చూడండి. బ్రేక్ స్విచ్ చిన్న ముక్క, అది పోయినా గేర్ పడదు.

హైవే మీద లింప్ మోడ్‌లోకి వెళ్లింది, నడపొచ్చా?

పక్కన ఆపి, స్విచ్ ఆఫ్ చేసి, కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేస్తే ఒక్కోసారి మామూలు అవుతది. అవ్వకపోతే నెమ్మదిగా దగ్గర్లో ఉన్న ఊరిదాకా వెళ్లండి. కాలిన వాసన వచ్చినా, టెంపరేచర్ లైట్ వెలిగినా ఆపెయ్యండి. తాడు కట్టి లాగించొద్దు, ఇంజిన్ ఆగి చక్రాలు తిరిగితే చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఆయిల్ పారదు, లోపల ఎండిపోయి అరుగుతది. ఫ్లాట్‌బెడ్ బండే పిలవండి. లివర్ పీలో ఇరుక్కుంటే దాని పక్కనే చిన్న మూత ఉంటది చాలా బళ్లకి, అది తీసి స్క్రూ డ్రైవర్‌తో నొక్కితే లివర్ కదులుతది.

ఇన్సూరెన్స్ వస్తదా?

ఊరికే పోతే రాదు. మామూలు పాలసీలు ఎలక్ట్రికల్, మెకానికల్ బ్రేక్‌డౌన్‌ని ఒప్పుకోవు. వరద, యాక్సిడెంట్ వల్ల అయితే అడగొచ్చు, కానీ మునిగాక స్టార్ట్ చేసి పాడు చేసుకున్నది ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ లేకపోతే చాలావరకు కొట్టేస్తారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే బయట వైర్ కోయించిన మచ్చ లేకుండా చూసుకోండి, దాన్ని చూపించే రిజెక్ట్ చేస్తారు.

మా అబ్బాయి అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాడు, సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ ఫోకస్ చవగ్గా వస్తోందంట.

ఈ ప్రశ్న నాకు నెలకొకసారైనా వస్తది. 2012 నుంచి వచ్చిన ఫోకస్, 2011 నుంచి వచ్చిన ఫియెస్టాల్లో పవర్‌షిఫ్ట్ అనే డ్రై క్లచ్ గేర్‌బాక్స్ ఉంది, దాని టీసీఎం ఎంత గొడవ పెట్టిందంటే 2014లో ఫోర్డ్ ఆ మాడ్యూల్ ఒక్కదానికే వారంటీని 10 ఏళ్లు లేదా 1,50,000 మైళ్లకి పెంచింది. ఆ తొలి మోడళ్లకి పదేళ్లు నిండిపోయాయి, ఇప్పుడు కొంటే ఆ భారం మీ అబ్బాయిదే. మాన్యువల్ గేర్ ఫోకస్ దొరికితే చూడమనండి. ఇక్కడ కూడా ఆ పవర్‌షిఫ్ట్ పాత పెట్రోల్ ఆటోమేటిక్ ఎకోస్పోర్ట్‌లో వచ్చింది. 2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది కాబట్టి కొనేవాళ్లు పార్ట్ ఎంతలో, ఎన్ని రోజుల్లో వస్తదో ముందే అడగండి.

పాత డబ్బా మెకానిక్‌కి ఇచ్చెయ్యొచ్చా?

ఇవ్వొద్దు. కొత్తది ఎక్స్‌ఛేంజ్‌లో కొంటే షాపోడు అడుగుతాడు, అప్పుడు కూడా మెమరీ చదివి కాపీ పెట్టుకున్నాకే ఇవ్వండి. లేకపోతే పాత టవల్‌లో చుట్టి, మీద బండి నంబర్ రాసి డిక్కీలో పడెయ్యండి. మొన్న ఒకాయన రెండేళ్ల కింద మార్పించిన పాతది అలాగే పట్టుకొచ్చాడు. కొత్తది కాలిపోయింది, పాతది విప్పి చూస్తే ఒక్క సాల్డర్ చుక్క విడిపోయి ఉంది, అంతే. అతికించి పెడితే ఆ బండి ఇప్పుడు ఆ పాత డబ్బా మీదే తిరుగుతోంది.